రైలు పట్టాలకు సాన

సాన యనగానే మనకు కత్తియు, కత్తెరయు, వీధివెంట సానచక్రము మోసికొని వచ్చు పనివాడును జ్ఞప్తికి వచ్చుట సహజము. మొద్దువాఱినదానిని పదును చేయుటకే సాన యని మన యెఱుక. రైలుపట్టాకు పదునుతో పనిలేదు. అయినను దానికిని సాన పట్టుదురు. ఇందుకై 72 సానరాళ్లు గలవియు, 96 సానరాళ్లు గలవియునైన పొడవైన యంత్రపుబండ్లు మన భారతీయ రైల్వేలలో గూడ కలవు. మంచి యుక్కును ధనము వెచ్చించి కొని, పఱచి, పిమ్మట దానిని తామే యరగదీయుట వింతగా తోచును. అట్లు అరగదీయుటవలననే పట్టా యెక్కువ కాలము మన్నునని చెప్పినచో తరగతిలో నవ్వనివారు అరుదు. కారణము తెలియవలెనన్న చక్రమును పట్టాయు నొకదానినొకటి తాకు చోటును ముందుగా పరిశీలింపవలెను.

చక్రమును ఉక్కే, పట్టాయు ఉక్కే. రెండును మిక్కిలి గట్టివగుటచే వాని స్పర్శస్థానము చాల చిన్నది; సుమారు చిటికెనవ్రేలి గోరంత యుండును. నిండు సరకుబండిలో నొక్కొక్క చక్రముపై సుమారు 11 టన్నుల భారముండును. ఆ భారమంతయు నా గోరంత చోటుపై నిలిచి దొర్లుచు పోవును. బండి వెంట బండి యిట్లు పోవుచుండగా పట్టాయొక్క పైపొర వెండ్రుకవాసి చొప్పున ప్రక్కకు జరుగుచుండును. రాళ్లు చెక్కువాని యులిని చూచినవారికి ఇది సులభముగా బోధపడును. సుత్తిదెబ్బలు పడి పడి యులితల చితికి, అంచులు పువ్వువలె విచ్చుకొని, తుదకు పెచ్చులుగా రాలును గదా! పట్టాతలయు నట్టిదే. ముఖ్యముగా వంపులలో వెలుపలి పట్టాయొక్క లోపలి మూలపై ఒత్తిడి మెండు. అచ్చట చేపపొలుసులవలె వరుసగా సన్నని బీటలు పుట్టును.

బీట మొదట పైపైననే ఏటవాలుగా నుండును. అంతటితో నిలిచిన నష్టము లేదు. కాని వాన కురిసి నీరు దానిలోనికి దిగును. పైనుండి చక్రము వచ్చి బీటనోటిని మూసివేయును. లోపల చిక్కిన నీటికి వెలికి దారి లేదు; ఒత్తిడికి తాళలేక అది బీట కొనను మఱింత చీల్చును. అన్నింటికన్న మెత్తనిదని మనము తలచు నీరు ఉక్కును చీల్చు మేకగుచున్నది. ఇట్టి బీటలలో నేదో యొకటి క్రిందికి మళ్లి పట్టా అడుగువైపు సాగెనా, పట్టా విఱుగుటకు సిద్ధమైనట్లే. పైపొర చెదరియున్నచో లోపలిలోపములను వెదకు అతిధ్వని పరీక్షకు గూడ క్రిందిబీట స్పష్టముగా కానరాకపోవచ్చును.

ఇందు మఱియొక చిత్రమున్నది. పట్టా సహజముగా అరుగుచున్నంతకాలము పుట్టిన బీటలును దానితో నరిగిపోవుచుండును. అరుగుదల తగ్గింపవలెనని ఇంజనీర్లు గట్టి యుక్కును వాడిరి. వంపులలో పట్టా ప్రక్కలకు గ్రీజు పూసిరి. అరుగుదల తగ్గెను, బీటలకు పెరుగుటకు తీఱిక చిక్కెను. కావున సహజముగా పోవలసిన పలుచని పొరను ఇప్పుడు సానరాతితో తీయవలసివచ్చుచున్నది.

అట్లు తీయక, పట్టాను సకాలమున మార్చక యుపేక్షించిన నేమగునో 2000వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన ఇంగ్లండులోని హాట్‌ఫీల్డు సమీపమున లోకమెల్ల చూచెను. లండనునుండి లీడ్సునకు పోవుచున్న ప్రయాణికుల బండి గంటకు సుమారు 185 కిలోమీటర్ల వేగముతో ఒక వంపులో పోవుచుండగా, ఇట్టి బీటలతో నిండిన పట్టా దానిక్రింద పగిలి 300లకు మించిన తునుకలయ్యెను. నలుగురు మరణించిరి, 70 మందికి పైగా గాయపడిరి. ఆ పట్టా చెడినదని ముందే యెఱుగుదురు. దానికి బదులుగా క్రొత్త పట్టాను గూడ సమకూర్చిరి. బిగించుట మాత్రము జరుగలేదు. ఈ సంగతి చదివినప్పుడు బీటకన్న జాగే యెక్కువ భయంకరముగా నాకు తోచినది. తరువాత వెదకగా నట్టి బీటలు దేశమంతట బయటపడెను. వేయికి పైగా చోట్ల బండ్ల వేగమును తగ్గించిరి. నెలల తరబడి రాకపోకలు తాఱుమాఱయ్యెను. పట్టాలకు బాధ్యత వహించిన రైల్‌ట్రాక్ అను సంస్థ మఱుసటి యేడు దివాలాస్థితికి వచ్చెను. 2002లో దాని బాధ్యతను నెట్‌వర్క్ రైల్ అను సంస్థ స్వీకరించెను.

ఇక యంత్రము సంగతి. దీని సానరాయి నడుమ బోలుగా గాజువలె నుండును. వెడల్పు జానెడుకన్న కొంచెమెక్కువ. మోటారుచే నిమిషమునకు సుమారు 3600 మాఱులు తిరుగుచు, తన చదునైన ముఖముతో పట్టాతలను రాయును. ఒక్కొక్క రాయి సన్నని పలకవంటి గీతను మాత్రమే చెక్కగలదు. మఱి గుండ్రని పట్టాతల యెట్లేర్పడును? చదరపుదూలమును గుండ్రని స్తంభముగా చేయదలచిన వడ్రంగి మొదట మూలలు చెక్కి ఎనిమిది పలకలుగాను, మరల చెక్కి పదునాఱు పలకలుగాను చేయును. పలకలు హెచ్చినకొలది గుండ్రదనము కుదురును. అట్లే యిచ్చట ఒక్కొక్క రాతిని వేర్వేఱు వాలులో నిలుపుదురు. ఒక్కమాఱు నడచినప్పుడు పోవునది మిల్లీమీటరులో పదియవ పాలు, లేదా రెండు మూడు పాళ్లు. ఎంత తీయవలెనో ముందును, ఎంత పోయినదో వెనుకను కొలపరికరములు చూచుచుండును.

ఈ యంత్రముయొక్క నిజమైన నేర్పు తీయుటలో కాక రూపు దిద్దుటలో నున్నదని నా యభిప్రాయము. లోపలి మూలను కొంచెము తగ్గించినచో చక్రము పట్టా నడినెత్తిపై నడచును. బీటలు పుట్టుచోట భారము తగ్గును. పట్టాపై పుట్టిన చిన్న యలలు గూడ దీనితో పోవును. బండి పోవునప్పుడు కొన్నిచోట్ల వినవచ్చు నెడతెగని గర్జనకు ఆ యలలే కారణము.

పని తఱచు రాత్రివేళ, ఇతర బండ్లను నిలిపి జరుపుదురు. చిచ్చుబుడ్లు వరుసగా వెలిగించినట్లు నిప్పురవ్వలెగయును. ఎండుగడ్డి యంటుకొనకుండ నీటితొట్లను వెంట తీసికొనిపోవుదురు. పట్టాలు కలిసి విడిపోవుచోట్లకు ఈ పెద్ద యంత్రము తగదు. చిన్న యంత్రములు వేఱుగ కలవు. బీట లోతుగా దిగిన పిమ్మట నెన్ని రాళ్లున్నను ప్రయోజనము లేదు, పట్టాను మార్చవలసినదే. అందుచే మంచి రైల్వేలలో బీటలు కంటబడువఱకు వేచియుండక, ఇన్ని లక్షల టన్నులు నడచిన పిమ్మట నొకమాఱని లెక్క పెట్టుకొని, వంపులకు మఱింత తఱచుగ, సాన పట్టుచుందురు.

మీరు స్టేషనులో బండికై వేచియుండునప్పుడు ప్లాట్‌ఫారము మీదనే నిలిచి (పట్టాలపైకి దిగవలదు) పట్టాతలను చూడుడు. నడుమ అద్దమువలె మెఱయు పట్టీ చక్రములు నడచు దారి. దాని యిరుప్రక్కల, పలకలు పలకలుగా చెక్కినట్లు, అడ్డముగ సన్నని గీతలు కనబడెనా, సానయంత్రము ఆ దారిని పోయి యెన్నో దినములు కాలేదు.