ఆనకట్టలు – లాకులు – జలవిహారం

భారతదేశంలోని పెద్ద నదులు ఒకప్పుడు రహదారులు. ధాన్యం, కలప, ఉప్పు, యాత్రికులు – అన్నీ నీటి మీదనే సాగిపోయేవి. రైళ్లు, లారీలు వచ్చిన పిమ్మట సరుకు పడవలు క్రమంగా తగ్గిపోయినవి. నేడు సామాన్య ప్రజలలో అధికసంఖ్యాకులు నదిపై పడవ ఎక్కేది విహారం కొరకే. పాపికొండల నడుమ గోదావరిపై గాని, నాగార్జునసాగర్ జలాశయంలో గాని సెలవు దినాలలో కనిపించే జనసందోహమే ఇందుకు నిదర్శనం.

అయితే నేటి నది వెనుకటి నది కాదు. అది అంచెలంచెలుగా ఆనకట్టలతో నిలుపబడిన నది. దానిలోని నీరు ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో ప్రకృతి ఒక్కటే నిర్ణయించదు. ఎక్కడో దూరాన ఉన్న గేట్లు కూడా నిర్ణయిస్తాయి. కనుక జలవిహారానికి బయలుదేరేవారు నది స్వభావంతోపాటు ఆనకట్ట స్వభావాన్ని కూడా తెలుసుకొనవలసి ఉన్నది.

మరోదా నేర్పే మొదటి పాఠం

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు పట్టణంలో మరోదా ఒక భాగం. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారానికి దేశం నలుమూలల నుండి కార్మికులు, ఇంజనీర్లు తరలివచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కర్మాగారానికి, పట్టణానికి కావలసిన నీటిని నిలువచేసే జలాశయాలు మరోదాలో ఉన్నాయి. వీటికి నీరు తాందులా వంటి పాత జలాశయాల నుండి, మహానదిపై గంగరేల్ వద్ద నిర్మించిన రవిశంకర్ సాగర్ నుండి కాలువల ద్వారా చేరుతుంది.

ఈ మరోదా ప్రాంతంలోనే భారత–సోవియట్ మైత్రికి చిహ్నంగా 1972లో ఏర్పడిన మైత్రీబాగ్ ఉన్నది. అక్కడి సరస్సులో పిల్లలు, పెద్దలు పడవ షికారు చేస్తారు. ఆ నీటికి ప్రవాహం లేదు. ఒడ్డు నలువైపులా కనబడుతూనే ఉంటుంది. గంగరేల్ జలాశయంలోనూ విహార బోట్లు తిరుగుతాయి. అక్కడ నీరు విశాలం, లోతు అధికం, గాలి వీచినప్పుడు అలలు లేస్తాయి. కాని ఆ బోటు ఎంత శక్తిమంతమైనదైనా ఆనకట్టను దాటి దిగువనున్న మహానదిలోనికి పోజాలదు. ఆనకట్ట నదికి గోడ వంటిది. ఆ గోడకు పడవ పట్టే ద్వారం అమర్చినప్పుడే నది మరల మార్గమవుతుంది. ఆ ద్వారానికే లాకు అని పేరు.

లాకు పనిచేసే విధం

ఆనకట్టకు ఎగువన నీరు ఎత్తులో, దిగువన పల్లంలో ఉంటుంది. ఈ రెండు మట్టాల మధ్య పడవను దింపడానికో ఎక్కించడానికో లాకు ఉపయోగపడుతుంది. ఇది రాతితో గాని కాంక్రీటుతో గాని కట్టిన పొడవైన తొట్టి వంటి గది. దీనికి ఎగువ వైపు ఒక జత తలుపులు, దిగువ వైపు ఒక జత తలుపులు ఉంటాయి.

ఎగువ నుండి దిగువకు పోవలసిన పడవ వచ్చినదనుకొందాం. దిగువ తలుపులు మూసి, చిన్న తూముల ద్వారా గదిలోనికి ఎగువ నీటిని వదులుతారు. గదిలోని నీరు ఎగువ మట్టానికి చేరగానే ఎగువ తలుపులు తేలికగా తెరుచుకొంటాయి. పడవ లోనికి వస్తుంది. అప్పుడు ఆ తలుపులు మూసి, దిగువ వైపు తూములు తెరుస్తారు. నీరు నెమ్మదిగా బయటకు పోతుంది. నీటితోపాటు పడవ కూడా దిగుతుంది. గదిలోని నీరు దిగువ మట్టానికి రాగానే దిగువ తలుపులు తెరుస్తారు. ఎక్కవలసిన పడవకు ఇదే క్రమం తలక్రిందులుగా జరుగుతుంది. నీటిని ఎత్తిపోయడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. నీరు పల్లమెరుగుననే సామెతే దీనికి మూలసూత్రం.

తలుపుల అమరికలో మరొక నేర్పు ఉన్నది. రెండు రెక్కలూ తిన్నగా మూసుకొనక, ఎగువ వైపునకు మొన చూపుతూ కోణాకారంగా కలుసుకొంటాయి. ఎగువ నీటి ఒత్తిడి పెరిగిన కొలదీ రెక్కలు ఒకదానికొకటి మరింత గట్టిగా అదుముకొంటాయి. రెండు వైపులా మట్టం సమానమయ్యే వరకు వాటిని తెరవడం మానవశక్తికి సాధ్యం కాదు. ఆ విధంగా నీటి బరువే తలుపునకు గడియ అవుతుంది. రెండు తలుపుల లాకును చైనాలో క్రీ.శ. 984లో చియావ్ వెయ్‌యువె అనే అధికారి నిర్మింపజేశాడని చరిత్ర చెబుతున్నది. కోణాకారపు తలుపులు పదిహేనవ శతాబ్దంలో ఇటలీలో వాడుకలోనికి వచ్చాయి.

తెలుగునాట లాకులు

తెలుగువారికి లాకు కొత్త మాట కాదు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో ఆరంభమై 1852లో పూర్తయినది. దాని నుండి బయలుదేరిన కాలువలు పొలాలకు నీరు ఇవ్వడానికి మాత్రమే గాక పడవలు నడవడానికి కూడా ఉద్దేశింపబడినవి. కాలువ మట్టం మారిన ప్రతిచోటా లాకులు కట్టారు. కృష్ణా ఆనకట్ట కాలువలూ ఇట్టివే. ఏలూరు కాలువ ఈ రెండు నదులనూ కలిపింది. దక్షిణాన కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ తోడై కాకినాడ నుండి చెన్నై దాటి తమిళనాడు లోపలి వరకు నీటిబాట ఏర్పడినది. లొల్ల లాకులు, దుగ్గిరాల లాకులు, సీతానగరం లాకులు – ఈ పేర్లు నేటికీ ప్రజల నోట నిలిచి ఉన్నాయి.

పాత ధవళేశ్వరం ఆనకట్ట స్థానంలో 175 గేట్లతో నిర్మించిన కాటన్ బ్యారేజి 1982లో పూర్తయినది. కాని అప్పటికే కాలువలపై సరుకు పడవలు తగ్గిపోయినవి. పూడిక పేరుకొన్నది, అనేక లాకుల తలుపులు తుప్పుపట్టినవి. 2008లో ఈ కాలువలను, గోదావరి, కృష్ణా నదుల కొన్ని భాగాలను కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు.

కృష్ణానదిపై పరిస్థితి వేరు. 1967లో ప్రారంభమైన నాగార్జునసాగర్, దాని ఎగువనున్న శ్రీశైలం ఎత్తయిన ఆనకట్టలు. లాంచీలు నాగార్జునకొండ ద్వీపంలోని మ్యూజియం వరకు పోతాయి. శ్రీశైలం వైపునకు కూడా విహారయాత్రలు నడిపారు. కాని ఏ లాంచీ కూడా ఆనకట్టను దాటదు. ఒక్కొక్క జలాశయం ఒక్కొక్క పెద్ద చెరువై, అందులోని బోట్లు అందులోనే ఉండిపోతాయి. గంగానదిపై ఫరక్కా వద్ద పరిస్థితి ఇందుకు భిన్నం. 1975లో పని ప్రారంభించిన ఆ బ్యారేజి వద్ద లాకు ఉన్నందున వారణాసి, కోల్‌కతాల మధ్య నౌకలు సాగగలుగుతున్నాయి.

లాకు ఖరీదు – నీరు

అన్ని ఆనకట్టలకూ లాకులు ఎందుకు కట్టరాదు అనే ప్రశ్న సహజం. నిర్మాణ వ్యయం ఒక కారణం. అంతకు మించినది నీటి వ్యయం. 30 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గల లాకు గదిలో పడవను 3 మీటర్లు దింపవలసి ఉన్నదనుకొందాం. ప్రతి పర్యాయం 540 ఘనపు మీటర్లు, అనగా 5 లక్షల 40 వేల లీటర్ల నీరు దిగువకు పోతుంది. గదిలో ఉన్నది నలుగురెక్కిన చిన్న బోటు అయినా, పెద్ద నౌక అయినా పోయే నీరు ఒక్కటే. వేసవిలో తాగునీటికి, పైరుకు కొరత ఏర్పడినప్పుడు ఈ లెక్క చిన్నది కాదు. 2023లో వర్షాభావం వలన పనామా కాలువలో రోజుకు దాటే నౌకల సంఖ్యనే తగ్గించవలసి వచ్చినది.

ఈ కారణంగానే లాకుల వద్ద విహార పడవలకు చివరి వరుస లభిస్తుంది. అమెరికాలోని ఎగువ మిసిసిపి నదిపై 29 చోట్ల లాకులు, ఆనకట్టలు ఉన్నాయి. అక్కడ ప్రభుత్వ నౌకలు, ప్రయాణికుల నౌకలు, సరుకు నౌకలు పోయిన తరువాతనే వినోదపు బోట్లు పోవాలి. చిన్న బోట్లు అనేకం ఒకేసారి కలిసి దాటుతాయి. గదిలో ఉన్నంతసేపు ప్రయాణికులు ప్రాణరక్షక కవచాలు ధరించాలి. గోడ నుండి అందించిన తాడును చేతితో పట్టుకొనవలెనే గాని బోటుకు బిగించి కట్టరాదు. కారణం స్పష్టం: క్రింది నీరు దిగిపోతుండగా తాడు బిగిసి ఉన్నచో బోటు గోడకు వేలాడి బోల్తా పడుతుంది.

ఆనకట్ట ఎగువన, దిగువన

లాకు పడవకు భద్రమైన ద్వారం. ఆనకట్ట గేటు ద్వారం కాదు. ఈ భేదం తెలియకపోవడం ప్రాణాంతకం. గేట్లు ఎత్తినప్పుడు ఎగువ నీరు పైకి ప్రశాంతంగా కనిపిస్తూనే లోపల వేగంగా లాగుతుంది. ఇంజను ఆగిపోయిన పడవ నేరుగా గేట్ల మీదకు పోతుంది. 2024 సెప్టెంబరులో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినప్పుడు, కట్లు తెగిన భారీ పడవలు కొట్టుకొనివచ్చి విజయవాడ ప్రకాశం బ్యారేజి గేట్ల వద్ద ఢీకొని నష్టం కలిగించాయి. మనుషులు లేని పడవలకే అంత వేగం వచ్చినదంటే ప్రవాహబలం ఊహించుకొనవచ్చు.

దిగువన ప్రమాదం మరొక రూపంలో ఉన్నది. కట్టపై నుండి దూకిన నీరు అడుగున సుడి తిరిగి, పైనున్న వస్తువును మరల కట్ట వైపునకే లాగుతుంది. ఈతగాడైనా అందులో చిక్కితే బయటపడడం కష్టం. అంతేగాక ఎండిన ఇసుక, రాళ్లు కనబడుతున్న నదిలోనికి నిమిషాలలో నీరు రావచ్చు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున నిలిచిన 24 మంది హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు, ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుండి వదిలిన నీటిలో కొట్టుకొనిపోయారు. వారు పడవ కూడా ఎక్కలేదు. నది నిదానంగా ఉన్నదని నమ్మారు, అంతే.

గోదావరి చెప్పిన పాఠం మరింత కఠినమైనది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు గండిపోచమ్మ రేవు నుండి బయలుదేరిన ‘రాయల్ వశిష్ఠ’ బోటు కచ్చులూరు వద్ద మునిగిపోయినది. 77 మందిలో 26 మంది మాత్రమే బయటపడ్డారు. ఆ దినం నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉన్నది. అనగా ప్రతి క్షణానికి దాదాపు 14 వేల ఘనపు మీటర్ల నీరు. కొండల నడుమ నది ఇరుకైనకొలదీ ఆ నీటికి వేగం, సుడి పెరుగుతాయి. బోటును బయటకు తీయడానికి అక్టోబరు 22 వరకు పట్టినది.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. పాపికొండల వద్ద ఆకాశం నిర్మలంగా ఉండవచ్చు. కాని ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు అడవులలో వాన కురిస్తే ఆ నీరు ఇంద్రావతి, శబరి నదుల ద్వారా గోదావరికి చేరుతుంది. శబరి కూనవరం వద్ద కలిసేది పాపికొండలకు ఎగువనే. కనుక రేవు వద్ద నిలిచి ఆకాశం చూడడం చాలదు. ఎగువ రాష్ట్రాల వర్షం, నీటిమట్టాల వార్తలు కూడా చూడాలి.

విహారయాత్రికుల బాధ్యత

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం యాంత్రిక నౌకలకు రిజిస్ట్రేషను, తనిఖీ, నడిపేవారికి అర్హతాపత్రం అవసరం. కాని చట్టం రేవులో ఉంటుంది. ప్రాణం పడవలో ఉంటుంది. బోటులో ఎందరికి అనుమతి ఉన్నదో అడగడం, కవచాన్ని సీటు క్రింద ఉంచక బయలుదేరకముందే ఒంటికి బిగించుకొనడం, ఫోటోల కొరకు అందరూ ఒకే వైపునకు చేరకపోవడం ప్రతి ప్రయాణికునికీ సాధ్యమే. బరువు ఒక ప్రక్కకు చేరినప్పుడు బోటు తన సమతూకాన్ని కోల్పోతుంది. వరద ఉన్న దినం సరంగు ప్రయాణం మానుకొందామంటే వాదించక ఇంటికి మరలడం కూడా ప్రయాణంలో భాగమే. సైరను మ్రోగినప్పుడు సామాను కొరకు ఆగక ఒడ్డు ఎక్కవలెను.

పాడుబడిన లాకులకు భవిష్యత్తు లేకపోలేదు. ఫ్రాన్సులో 1681లో తెరిచిన మిదీ కాలువ, ఇంగ్లండులో 1990లో పునఃప్రారంభమైన కెన్నెట్–ఏవన్ కాలువ సరుకు రవాణా అంతరించిన తరువాత విహార నౌకల వలన మరల జీవించినవి. ఎత్తు తక్కువ, ప్రవాహం అదుపులో ఉండే కోనసీమ కాలువలు వరద గోదావరి కంటె క్షేమమైన విహారస్థలాలు కాగలవు. పూడిక తీసి, తలుపులు బాగుచేసి, పైరుకు నీరు కట్టే కాలంతో పొత్తు కుదిర్చిననాడు లొల్ల లాకుల మీదుగా పడవ మరల సాగవచ్చు.

మరోదా సరస్సులో తొలిసారి తెడ్డు పట్టిన బాలుడు రేపు గోదావరిపై లాంచీ ఎక్కుతాడు. అక్కడ ఒడ్డు దూరం, నీరు లోతు, గేట్లు ఎక్కడో కనబడని చోట. ఆ భేదాన్ని పాఠశాలలోనే తెలియజెప్పగలిగితే నది అతనికి భయకారణం కాదు, నిర్లక్ష్యకారణమూ కాదు.