చక్రముల పరంజాపై పని - ప్రాణరక్షణ

తెలుగు జిల్లాలలో పరంజా యనియు, సారువ యనియు, ఢిల్లీలో పాడ్ అనియు పిలువబడు మంచె లేనిదే మేడగోడల వెలుపల పూతపనియు, రంగుపనియు సాగవు. వెదుళ్లతో గాని సరుగుడు గుంజలతో గాని కట్టిన పరంజాను గోడకు బంధింతురు. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ ప్రాంతములలో ఇనుపగొట్టములతో అమర్చి, చక్రములపై నడపెడు పరంజాలును నేడు వాడుకలో నున్నవి. ఒకచోట పని ముగియగానే వానిని వేరొకచోటికి జరుపవచ్చును. ఈ సౌకర్యమే ప్రమాదమునకును మూలము. బంధించిన పరంజాను గోడ పట్టియుంచును. చక్రముల పరంజాకు దాని అడుగే ఆధారము.

కావున మొదట చూడవలసినది అడుగు. నేల గట్టిగను, సమముగను ఉండవలెను. కాలువ మూతలపైనను, క్రొత్తగా పూడ్చిన మట్టిపైనను పరంజాను నిలుపరాదు. చక్రముల క్రింద ఇటుకలు పేర్చుట మిక్కిలి అపాయకరము. నాలుగు చక్రములను కదలకుండ బిగించిన పిదపనే పైకెక్కవలెను.

రెండవది ఎత్తు. ఆరుబయట పరంజా ఎత్తు, దాని అడుగు వెడల్పునకు మూడింతలు మించకుండుట మేలు. వెడల్పు 1.2 మీటర్లైనచో ఎత్తు 3.6 మీటర్లు. అంతకు మించిన పనికి గోడకు బంధించిన పరంజాయే తగినది. పైపలకలను సందులేకుండ పరచి, నడుమెత్తున అడ్డుకడ్డీలు అమర్చవలెను. లోపలి నిచ్చెననే వాడవలెను. వెలుపలి కడ్డీలు పట్టి ప్రాకినచో బరువు ఒకవైపునకు ఒరిగి పరంజా తిరుగబడవచ్చును.

మూడవది గాలి. వేసవిలో ఢిల్లీయందు ధూళితో కూడిన పెనుగాలి హఠాత్తుగా వీచును. దానిని అచ్చట ఆంధీ అందురు. ధూళి నివారణకై కట్టడముల చుట్టునుగల పరంజాలపై టార్పాలిను కప్పవలెనని జాతీయ హరిత న్యాయస్థానము 2015లో ఆదేశించినది. ఊపిరితిత్తులకు ఇది మేలే. కాని అట్టి తెరను చక్రముల పరంజాకు కట్టినచో అది ఓడ తెరచాపవలె గాలిని పట్టి, పరంజాను పడద్రోయగలదు. తెరను గోడకు బంధించిన పరంజాకే కట్టవలెను. గాలి లేచు సూచన కనబడగానే దిగవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు: పైన మనిషి యుండగా పరంజాను జరుపరాదు. కొలతనుబట్టి కూలి ముట్టుచోట, దిగి మరల ఎక్కు నాలుగు నిమిషములును నష్టముగ తోచుట సహజము. ఆ కాలమునకును కూలి లెక్కించుట గుత్తదారుని ధర్మము. జరుపుటకు ముందు విద్యుత్తు తీగలు తగులునేమో తలయెత్తి చూడవలెను.

కట్టడపు పనివారి భద్రతకై పార్లమెంటు 1996లో ప్రత్యేక చట్టము చేసెను. 1998నాటి కేంద్ర నియమములు పరంజాల విషయమును వివరించినవి. భద్రత పనివాని జాగ్రత్తకే విడువదగినది కాదు, పని చేయించువాని బాధ్యత యనుటయే వాని సారాంశము.

తలతిరుగుట, మూర్ఛ గలవారు ఎత్తున పనిచేయరాదు. ఎవరైన పడినచో కూర్చుండబెట్టరాదు, నడిపింపరాదు, వెన్నెముక విరిగియుండవచ్చును. తలయు మెడయు కదలనీయక, 112 నంబరునకు వెంటనే తెలుపవలెను. ఇంటివారు ఎదురుచూచునది కూలిని మాత్రమే కాదు, ఆ మనిషిని.