ఆముదము నుండి లిథియము కందెన

బండి ఇరుసునకు ఆముదము పూయుట మన రైతులు తరతరములుగా ఎరిగినదే. ఆ ఆముదమే నేడు రూపు మార్చుకొని మోటారు బండ్ల చక్రములందును, కరెంటు పంపుల బేరింగులందును కందెనగా నిలుచుచున్నది. పాలమూరు, నల్లగొండ ప్రాంతముల చెలక నేలలు ఈ పంటకు పేరుగన్నవి; నేడు గుజరాతు ముందున్నది. తన గింజ ఎచటికి పోవుచున్నదో, కొనువాడు దానియందు ఏ గుణము కోరుచున్నాడో రైతు తెలిసికొనుట లాభకరము.

నూనెను క్షారముతో ఉడికించినచో గ్లిసరిను విడిపోయి, కొవ్వు ఆమ్లము క్షారముతో కూడి లవణమగును. దీనికే సబ్బు అని పేరు. కందెన యనగా అట్టి సబ్బుతో చిక్కపరచిన నూనెయే. సబ్బు సన్నని పోగులవలె అల్లుకొని, దూది నూనెను పట్టినట్లు ఖనిజతైలమును పట్టియుంచును. పూర్వపు సున్నపు కందెన నీటికి చెడదు గాని, నీరు మరుగునంత వేడిమి తగిలినచో విడిపోవును. సోడా కందెన వేడిమికి ఓర్చును గాని నీటికి కొట్టుకొనిపోవును. ఈ రెండు లోపములును లేనిది లిథియము సబ్బు. దానితో కందెన చేయుటకు అమెరికాలో క్లారెన్సు ఎర్లు 1942లో పేటెంట్లు పొందెను.

ఇందులకు ఆముదమే ఏల? దాని ఆమ్లములలో నూటికి 85 మొదలు 90 పాళ్లు రిసినోలియిక్ ఆమ్లము. మనము వాడు ఇతర నూనెలందు లేని హైడ్రాక్సిల్ సమూహము దీనియందు గలదు. సబ్బుపోగులు ఒండొంటిని గట్టిగా పట్టుకొనుటకు అదియే తోడ్పడును. నికెలు సాయమున ఉదజని వాయువును పట్టించినచో ఆముదము గట్టి మైనమగును. దానిని లిథియము హైడ్రాక్సైడుతో కాచుదురు. నూటికి ఇంచుమించు 6 మొదలు 12 పాళ్లు సబ్బు కలిపిన కందెన సుమారు 190 సెంటిగ్రేడు డిగ్రీల వరకు కరగి జారదు.

2021, 2022 సంవత్సరములలో బ్యాటరీల గిరాకి వలన లిథియము ధర మిక్కిలి పెరిగెను. అయినను సున్నముతో చేయు మేలురకపు కందెనకును ఈ ఆముదపు ఆమ్లమునే వాడుదురు కావున, రైతు అందులకు బెదరనక్కరలేదు. బెదరవలసినది చెడుగింజకు.

నూనెలో విడి ఆమ్లము హెచ్చినచో నికెలు పని మందగించును. తడిగింజ, బూజుగింజ, బాదునపుడు పగిలిన గింజ, వీనియందే ఆ ఆమ్లము పెరుగును. బరువు తూగునని గింజను ఆరబెట్టకయే అమ్ముట కొందరికి వాడుక. తూకమున వచ్చినది ధరలో పోవును. గెలలు ముదిరి ఎండిన పిదప కోసి, కాయలను కళ్లమున బాగుగ ఎండనిచ్చి, గింజ పగులకుండ కొట్టి, మన్నును తాలును చెరగి, సంచులను నేలకు తగులకుండ బల్లలపై నిలువచేయవలెను.

ఆముదపు చెక్కలో రిసిన్ అను విషము గలదు. పొలమునకు అది మంచి ఎరువు. పశువుల తొట్టిలో మాత్రము వేయరాదు.