చికిత్సకు కార్డుంది.. కూలికి దిక్కేది?

సిరిసిల్ల, జగిత్యాల: సిరిసిల్ల మరమగ్గాల కార్మికునికి, కోరుట్ల, జగిత్యాలలో బీడీలు చుట్టే మహిళకు కూలి లెక్క ఒక్కటే. చేసిన పనికే పైసలు. జబ్బుచేసి మంచాన పడితే ఆ పూట నుంచే రాబడి ఆగిపోతుంది. ఆరోగ్య బీమా తప్పనిసరి చేయాలన్న చర్చను ఈ కోణం నుంచే చూడవలసి ఉంది.

నిజానికి తప్పనిసరి బీమా కొత్తదేమీ కాదు. 1948 నాటి ఈఎస్ఐ చట్టం అదే. 2019 జూలై నుంచి వేతనంలో 0.75 శాతం కార్మికుడు, 3.25 శాతం యజమాని జమ చేయాలి. ప్రతిగా వైద్యంతో పాటు, షరతులకు లోబడి ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం అందుతుంది. మెలిక అంతా 'పది మంది' అన్న సంఖ్యలోనే ఉంది. అంతకు తక్కువైతే నిర్బంధం లేదు. యజమాని వద్ద నూలు తెచ్చుకుని నాలుగు సాంచాలు నడిపే ఆసామి షెడ్డులో పది మంది ఎక్కడుంటారు? బీడీ కార్మికుల సంక్షేమ నిధికి 1976 చట్టం కింద వసూలైన సెస్సు కూడా 2017లో జీఎస్టీ రాకతో రద్దయింది.

2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ ఈ లోటును కొంత పూడ్చింది. తొలుత ప్రభుత్వమే ప్రీమియం కట్టగా, తర్వాత బీమా కంపెనీ స్థానంలో ట్రస్టు వచ్చింది. 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షల రూపాయలకు చేరింది. ప్రభుత్వాలు మారినా పథకాన్ని ఎవరూ ఎత్తివేయలేదు. ఓటరు కంటికి కనిపించే బీమా అది మరి. అయితే అది ఆసుపత్రి బిల్లు కడుతుంది గాని పోయిన కూలి ఇవ్వదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం పది మందిలోపు సంస్థలు కూడా యజమాని, మెజారిటీ కార్మికులు ఒప్పుకుంటే ఈఎస్ఐలో చేరవచ్చు. ఆసామి తానే యజమాని ఇచ్చే కూలిపై నడుస్తున్నచోట ఆ 3.25 శాతం ఎవరి జేబు నుంచి రావాలన్నదే సిరిసిల్లలో చిక్కుముడి.