1991 నాటి ధర, నేటి పన్ను: మీకు తెలుసా?

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఏటా మార్చిలో కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు వస్తుంది. మొత్తం ఎంతో చూస్తారు, పది వాయిదాల్లో కట్టాలా పన్నెండింటిలోనా అని తేల్చుకుంటారు, బ్యాంకులో డైరెక్ట్ డెబిట్ పెట్టేసి కాగితం ఫైల్లో దాచేస్తారు. ఆ బిల్లు మీదే ఒక అక్షరం ఉంటుంది. ఏ, బి, సి, డి… ఇంగ్లండ్‌లో హెచ్ దాకా. దాన్నే బ్యాండ్ అంటారు. మీరు కట్టే ప్రతి పౌండూ ఆ అక్షరాన్ని బట్టే ఉంటుంది. ఆ అక్షరమే తప్పు పడి ఉండవచ్చు. తప్పయితే సరిచేయమని అడిగే హక్కు మీకుంది, అడగడానికి ఖర్చేమీ లేదు.

మీ ఇంటి ఇవాళ్టి ధరతో బ్యాండ్‌కి సంబంధం లేదని తెలుసా?

ఇంగ్లండ్‌లో లెక్కకు వచ్చేది 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు ఎంతకు అమ్ముడుపోయేదన్నది ఒక్కటే. 2023లో కట్టిన ఇంటికీ ఇదే సూత్రం. ఆ రోజున ఈ ఇల్లు ఇక్కడే ఉండి ఉంటే ఎంత పలికేది అని అంచనా వేసి బ్యాండ్ ఇస్తారు. 40 వేల పౌండ్ల లోపు ఏ, 52 వేల దాకా బి, 68 వేల దాకా సి, 88 వేల దాకా డి, లక్షా 20 వేల దాకా ఇ, లక్షా 60 వేల దాకా ఎఫ్, 3 లక్షల 20 వేల దాకా జి, ఆపైన హెచ్. స్కాట్లాండ్‌లోనూ తేదీ అదే, కానీ హద్దులు వేరు. అక్కడ 27 వేల లోపే ఏ, 2 లక్షల 12 వేలు దాటితే హెచ్. వేల్స్‌లో 2003 ఏప్రిల్ 1 నాటి ధర చూస్తారు, ఐ అని తొమ్మిదో బ్యాండ్ కూడా ఉంది. ఉత్తర ఐర్లాండ్‌లో బ్యాండ్‌లే లేవు.

1991నే ఎందుకు పట్టుకున్నారంటే దాని వెనక పెద్ద కథ ఉంది. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఇంటి విలువను పక్కన పెట్టి తలకింత అని పన్ను వేసింది. దాన్నే జనం పోల్ ట్యాక్స్ అన్నారు. స్కాట్లాండ్‌లో 1989లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1990లో అది అమల్లోకి వచ్చింది. భవంతిలో ఉండే శ్రీమంతుడూ, ఆ వీధి ఊడ్చే మనిషీ ఇంచుమించు ఒకే మొత్తం కట్టాలంటే జనం ఊరుకోలేదు. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ రణరంగమైంది. ఆ నవంబరులో థాచర్ రాజీనామా చేశారు. ఆ పన్ను ఎత్తేసి, దాని స్థానంలో 1993 ఏప్రిల్ 1 నుంచి కౌన్సిల్ ట్యాక్స్ తెచ్చారు.

అంటే ఈ కొత్త పన్ను కోసం బ్రిటన్‌లోని రెండు కోట్లకు పైగా ఇళ్లకు 1991 నాటి ధరల ప్రకారం చాలా తక్కువ వ్యవధిలో విలువ కట్టాల్సి వచ్చింది. ప్రభుత్వ సిబ్బంది చాలక ప్రైవేటు ఎస్టేట్ ఏజెంట్లకూ పని అప్పగించారు. ఎక్కువ ఇళ్లను లోపలికి వెళ్లకుండా వీధిలోంచే చూసి రాసుకున్నారు. కొన్ని వీధుల్లోనైతే కారు కూడా దిగలేదు. ఒకే వరుసలో, ఒకే కొలతలతో కట్టిన రెండు ఇళ్లలో ఒకటి సి, పక్కది డి అయ్యాయంటే మూలం చాలాసార్లు అక్కడే ఉంది. బయటి నుంచి చూసి పన్ను వేయడం ఆ దేశానికి కొత్త కాదు. 1696 నుంచి 1851 దాకా అక్కడ కిటికీలు లెక్కపెట్టి పన్ను వేసేవారు. అప్పట్లో ఇటుకలతో మూసేసిన కిటికీలు పాత భవనాల గోడల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

హడావుడిగా వేసిన ఆ అంచనాలే ముప్పై ఏళ్లు దాటినా నడుస్తున్నాయి. ఇంగ్లండ్‌లో 2007 నాటికి కొత్త విలువలు కడతామన్నారు గానీ, 2005లో ఆ ఆలోచన మానుకున్నారు. 2005లోనే కొత్త విలువలు తెచ్చిన వేల్స్‌లో దాదాపు మూడోవంతు ఇళ్లు పై బ్యాండ్‌లకు ఎక్కాయి, 8 శాతమే కిందికి దిగాయి. అది చూశాక ఇంగ్లండ్ పాలకులెవరూ ఆ జోలికి పోలేదు. నా దృష్టిలో ఇది అన్యాయం. పాలకులు ముట్టుకోవడానికి జంకే లెక్కకు సామాన్యుడు ఏటా డబ్బు కడుతూనే ఉన్నాడు.

ఒక్క బ్యాండ్ తేడా ఎంతో తెలుసా?

ఇంగ్లండ్ చట్టంలో లెక్క తొమ్మిదో వంతుల్లో ఉంది. డి బ్యాండ్ తొమ్మిది వంతులైతే ఏ ఆరు, బి ఏడు, సి ఎనిమిది, ఇ పదకొండు, ఎఫ్ పదమూడు, జి పదిహేను, హెచ్ పద్దెనిమిది. 2025–26లో ఇంగ్లండ్ సగటు డి బ్యాండ్ 2,280 పౌండ్లు. ఆ లెక్కన సికీ డికీ మధ్య తేడా ఏడాదికి 253 పౌండ్లు, డికీ ఇకీ మధ్య 507. పదేళ్లుగా తప్పు బ్యాండ్‌లో ఉన్న కుటుంబం ఎంత ఎక్కువ కట్టి ఉంటుందో మీరే లెక్కవేయండి. ఇంకో వింత: అదే ఏడాది లండన్ నడిబొడ్డున ఉన్న వెస్ట్‌మినిస్టర్‌లో అత్యధికమైన హెచ్ బ్యాండ్ బిల్లు ఈ సగటు డి బ్యాండ్ కన్నా తక్కువ. రేటు నిర్ణయించేది స్థానిక కౌన్సిల్ కాబట్టి ఇలా జరుగుతుంది. రేటు మన చేతిలో లేదు. బ్యాండ్ సరిగా ఉందో లేదో చూసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

పక్కింటి బ్యాండ్ ఎవరైనా చూడవచ్చని తెలుసా?

ఇందులో రహస్యమేమీ లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, స్కాట్లాండ్‌లో అసెసర్ల సంఘం సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే వీధి మొత్తం బ్యాండ్‌లు కనిపిస్తాయి. మీ ఇంటిని దాన్ని పోలిన ఇళ్లతోనే పోల్చండి: అదే వీధి, అదే కాలంలో కట్టినవి, అన్నే పడకగదులు, అంతే విస్తీర్ణం. టెర్రస్ ఇంటిని టెర్రస్ ఇంటితో, సెమీ డిటాచ్డ్‌ని సెమీ డిటాచ్డ్‌తో చూడాలి. మూల మీది ఇంటికి స్థలం ఎక్కువ ఉండి విలువ పెరిగి ఉండవచ్చు, దాన్ని పక్కన పెట్టండి.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. పక్కవాళ్లది సి, మాది డి అని వెంటనే దరఖాస్తు పెట్టేస్తారు. బ్యాండ్ తగ్గించమని అడగడానికి వీల్లేదు, సరిచూడమని మాత్రమే అడగగలం. సరిచూశాక మీ డి సరైనదే, పక్కవాళ్ల సి తప్పని తేలితే వాళ్ల పన్ను పెరుగుతుంది. మీదే ఇంకా పై బ్యాండ్‌కి వెళ్లినా వెళ్లవచ్చు. రోజూ పలకరించుకునే వాళ్ల ఇంటికి అలాంటి ఉత్తరం మన వల్ల రాకూడదు.

అందుకే రెండో పరీక్ష కూడా చేసుకోవాలి. ఈ రెండు మెట్ల పద్ధతిని డబ్బు వ్యవహారాల పాత్రికేయుడు మార్టిన్ లూయిస్ 2007లో జనంలోకి తీసుకెళ్లారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1995 నుంచి జరిగిన ఇళ్ల అమ్మకాల ధరలు ల్యాండ్ రిజిస్ట్రీ దగ్గర ఉచితంగా దొరుకుతాయి. మీ ఇల్లు గానీ, అచ్చం అలాంటి ఇల్లు గానీ ఎంత పాత అమ్మకంలో దొరికితే అంత మంచిది. నేషన్‌వైడ్ సంస్థ ఇచ్చే ఇళ్ల ధరల సూచీతో ఆ ధరను 1991కి (వేల్స్‌లోనైతే 2003కి) వెనక్కి లెక్కించండి. ఉదాహరణకు అది 60 వేల దగ్గర తేలి, మీరు డిలో ఉండి, అలాంటి ఇళ్లన్నీ సిలో ఉంటే మీ వాదన గట్టిది. 75 వేలు తేలితే మీ బ్యాండ్ సరైనదే, పక్కవాళ్లకు అదృష్టం కలిసొచ్చింది. ఆ విషయం అక్కడితో వదిలేయండి. ఇంగ్లండ్‌లో అధికారులు ఎక్కువ విలువ ఇచ్చేది 1989 ఏప్రిల్ నుంచి 1993 మార్చి మధ్య జరిగిన అమ్మకాలకు. ఆనాటి నుంచీ ఆ వీధిలోనే ఉంటున్న పెద్దవాళ్లను అడిగితే పాత ధర ఒకటి తెలియవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇల్లు మామూలుగా బాగోగులు చూసుకున్న స్థితిలో ఉన్నట్టే భావించి విలువ కడతారు. కాబట్టి రంగు వెలిసింది, వంటగది పాతది అనే వాదన చెల్లదు. ఇంగ్లండ్‌లో యజమాని అదనంగా గది కట్టుకున్నా వెంటనే బ్యాండ్ పెంచరు. ఇల్లు అమ్ముడుపోయాక పెంచవచ్చు. గదులు పెంచిన ఇల్లు కొనబోతుంటే ఇది ముందే గుర్తుంచుకోండి.

మొదటి ఆరు నెలల గడువు గురించి తెలుసా?

ఇంగ్లండ్‌లో ఒక ఇంటికి మీరు కొత్తగా పన్ను కట్టేవారైతే మొదటి ఆరు నెలల్లో బ్యాండ్‌ను లాంఛనంగా సవాలు చేసే హక్కు ఉంటుంది. నిర్ణయం నచ్చకపోతే మూడు నెలల్లోపు వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు, దానికీ ఫీజు లేదు. ఆరు నెలలు దాటినా తలుపులు మూసుకుపోవు. తక్కువ బ్యాండ్‌లో ఉన్న అలాంటి ఇళ్ల చిరునామాలు, పాత అమ్మకాల ధరలు జతచేసి సమీక్ష కోరవచ్చు. నిర్ణయం వచ్చేదాకా పాత బిల్లు కడుతూనే ఉండాలి. బ్యాండ్ తగ్గితే మీరు ఆ ఇంట్లో పన్ను కట్టడం మొదలుపెట్టిన నాటి నుంచి, అది 1993 అయినా సరే, ఎక్కువ కట్టిన సొమ్ము వెనక్కి వస్తుంది. కౌన్సిల్ ట్యాక్స్ సొంతంగా కట్టే అద్దె కుటుంబాలకూ ఈ హక్కు ఉంది. అద్దె ఇల్లే కదా, మనకెందుకులే అని ఊరుకునే మనవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇదే.

బ్యాండ్‌తో పాటు ఇవీ చూసుకోండి. ఇంట్లో అందరూ పూర్తికాల విద్యార్థులైతే పన్నే లేదు. పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం రాయితీ. వికలాంగుల అవసరం కోసం ఇంట్లో ప్రత్యేక గదో, వీల్‌చైర్ తిరిగే వీలో ఉంటే ఒక బ్యాండ్ కింది రేటు వేస్తారు. ఇవేవీ వాటంతట అవి రావు, అడిగి తీసుకోవాలి. చదువు పూర్తయిన రోజు నుంచి విద్యార్థి మినహాయింపు పోతుంది. ఎంఎస్ అయ్యాక అదే ఇంట్లో ఉండి ఉద్యోగం వెతుక్కునే పిల్లలు చాలామంది ఈ బిల్లు చూసి కంగారు పడుతున్నారు.

మన దగ్గర పద్ధతి వేరు. హైదరాబాద్‌లో ఇంటి పన్నుకి అద్దె విలువ ఆధారం. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి ఆస్తి మూలధన విలువను బట్టి వేస్తున్నారు. బ్రిటన్‌లోనూ కొంత కదలిక వస్తోంది. వేల్స్ 2028లో మళ్లీ విలువలు కట్టనుంది. ఇంగ్లండ్‌లో 20 లక్షల పౌండ్లు దాటిన ఇళ్లపై 2028 ఏప్రిల్ నుంచి అదనపు పన్ను వేస్తామని 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు. మిగిలిన ఇంగ్లండ్ ఇళ్లకు మాత్రం 1991 లెక్కే నడుస్తుంది.

మీ బ్యాండ్ తగ్గిస్తాం, వచ్చిన దాంట్లో వాటా ఇవ్వండి అని ఎవరైనా ఫోన్ చేస్తే ఒప్పుకోకండి. వాళ్లు చేసే పని మీరే ఉచితంగా చేసుకోవచ్చు. ఈ మధ్యే ఇల్లు మారి ఉంటే పన్ను ఏ తేదీ నుంచి మీ పేరు మీద మొదలైందో బిల్లు తీసి చూడండి. ఆరు నెలలు నిండేలోపు రెండు పరీక్షలూ చేసుకోండి.