రంగురాళ్ళ రంగు ఎవరిచ్చింది?

మీరు ఎప్పుడైనా కోల్‌కతా వెళితే జనం వేళ్ళను గమనించండి. ఖిదిర్‌పూర్ రేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్ సందుల్లోనైనా, నగరం నడిబొడ్డున నగల దుకాణాలు బారులు తీరిన బౌబజార్‌లోనైనా ఎర్రరాయి, నీలిరాయి పొదిగిన ఉంగరాలు కనిపిస్తాయి. జాతకం చూసినవారు చెప్పారని కొన్నవి వాటిలో చాలా ఉంటాయి. గ్రహాలకూ రాళ్ళకూ సంబంధం ఉందనడానికి ఆధారం ఏమీ లేదు. ఆ సంగతి అలా ఉంచండి. నెల జీతమంతా పోసి కొన్న ఆ రాయికి రంగు భూమి ఇచ్చిందా, కొలిమి ఇచ్చిందా, లేక గాజు ఇచ్చిందా? ఈ ప్రశ్నకు మాత్రం విజ్ఞానశాస్త్రం జవాబు చెప్పగలదు.

కెంపు, నీలం రెండూ ఒకే ఖనిజం. దాని పేరు కురువిందం, అంటే అల్యూమినియం ఆక్సైడ్. స్వచ్ఛమైన కురువిందానికి రంగే ఉండదు. అందులో కొద్దిపాటి క్రోమియం చేరితే కెంపు. ఇనుము, టైటానియం జంటగా చేరితే నీలం. శ్రీలంకలో ‘గ్యూడా’ అనే పాలరంగు రాళ్ళు దొరుకుతాయి. ఒకప్పుడు వాటిని అడిగేవారే లేరు. 1970లలో థాయ్‌లాండ్ వ్యాపారులు వాటిని చౌకగా కొని, ఆక్సిజన్ తక్కువగా ఉండే కొలిమిలో 1,600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి చక్కని నీలాలుగా మార్చారు. ఎలాగంటారా? ఆ రాళ్ళు మసకగా ఉండటానికి కారణం లోపలి సన్నని సూదులు. ఇవి రూటైల్, అంటే టైటానియం ఆక్సైడ్. వ్యాపారులు వీటిని ‘పట్టు’ అంటారు. వేడికి సూదులు కరిగి, వాటిలోని టైటానియం స్ఫటికంలో కలిసి, అక్కడున్న ఇనుముతో జతకడుతుంది. మసక పోతుంది, నీలం వస్తుంది.

అయితే కొలిమి తన గుర్తులు వదలకుండా పోదు. 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతోనో, సూక్ష్మదర్శినితోనో చూస్తే, వేడి తగలని రాయిలో పట్టుదారాలు పొడవుగా, తెగకుండా ఉంటాయి. కాల్చిన రాయిలో అవి చుక్కచుక్కలుగా తెగిపోయి కనిపిస్తాయి. లోపల చిక్కుకున్న ఇతర ఖనిజ కణాలు వ్యాకోచించడంవల్ల వాటి చుట్టూ బిళ్ళల్లాంటి పగుళ్ళు ఏర్పడతాయి. మచ్చలేని రాయి మనకు ముచ్చట, పరీక్షించేవారికి తలనొప్పి. చదవడానికి అందులో అక్షరమే లేదు కదా!

వేడిచేయడం మోసం కాదు. ఆ రంగు చెరిగిపోదు. ఆ సంగతి చెప్పకుండా, వేడిచేయని రాయి ధరకు అమ్మడమే మోసం. 2004 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చిన ‘సీసపు గాజు కెంపుల’ కథ వేరు. నిండా పగుళ్ళున్న నాసిరకం కురువిందాన్ని తీసుకుని, ఆ పగుళ్ళలోకి సీసం కలిసిన గాజును కరిగించి ఎక్కిస్తారు. ఈ గాజు వక్రీభవన గుణకం కురువిందానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వెలుగు అక్కడ పెద్దగా చెదరదు, పగులు మాయమైనట్లే ఉంటుంది. మీ కాలేజీ ప్రయోగశాలలో బోరోసిలికేట్ గాజు కడ్డీని గ్లిజరిన్‌లో ముంచి చూడండి. మునిగినంత మేరా కనిపించకుండా పోతుంది. కిటుకు అదే.

ఈ మోసాన్ని పట్టడం మాత్రం తేలిక. దీపం కింద రాయిని అటూ ఇటూ తిప్పితే పగుళ్ళ వెంట నీలిరంగు తళుకు కనిపిస్తుంది. భూతద్దంలో గాజులోని గాలిబుడగలు కనిపిస్తాయి. ఇలాంటి ఉంగరాన్ని సైజు మార్చమని కంసాలికి ఇచ్చారనుకోండి, ఊదుగొట్టం మంటకు గాజు దెబ్బతింటుంది. శుభ్రంచేసే ఆమ్లం దాన్ని తినేస్తుంది. ఆమాటకొస్తే నిమ్మరసం కూడా చాలు. దాగిన పగుళ్ళన్నీ తెల్లగా బయటపడతాయి, తిట్లు కంసాలికి!

కొన్ని నీలాలకు రంగు పైపొరలోనే ఉంటుంది. టైటానియం పొడిలో ఉంచి కాలిస్తే రంగు లోపలికి కొద్దిగా మాత్రమే ఇంకుతుంది. అలాంటి రాయిని మిథైలీన్ అయొడైడ్ ద్రవంలో ముంచి చూస్తే అంచులు ముదురుగా, మధ్యభాగం వెలిసినట్లుగా కనిపిస్తాయి. టైటానియం బదులు బెరీలియం వాడితే చిక్కే. దాని పరమాణువులు చిన్నవి, రాయి అంతటా పాకగలవు. 2002లో నారింజ, గులాబీ ఛాయల నీలాల విషయంలో ఈ పద్ధతి బయటపడేదాకా ప్రపంచ మార్కెట్ మోసపోయింది. పదిలక్షల భాగాలలో కొన్ని భాగాలే ఉండే ఆ బెరీలియాన్ని కనిపెట్టాలంటే లేజర్‌తో రాతిపై కంటికి కనిపించనంత గుంట తవ్వి, ఆ ఆవిరిని మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపాలి. జైపూర్ వంటి చోట్ల ఉన్న ప్రయోగశాలల నివేదిక చేతికొచ్చినప్పుడు రాయి పేరు చూసి ఊరుకోకండి, దానికి ఏ చికిత్స జరిగిందని రాశారో కూడా చదవండి.

ఇక పచ్చల సంగతి. వాటి పగుళ్ళను నూనెతో నింపడం పాత అలవాటే. ఇప్పుడు రెసిన్లు కూడా వాడుతున్నారు. రెండిటికీ తేడా చెప్పే పద్ధతి పుట్టింది మనం చూసిన బౌబజార్‌లోనే. ఆ వీధిలో 210 నంబరు భవనంలో అప్పట్లో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ఉండేది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న ‘రామన్ ఫలితాన్ని’ కనుగొన్నది అక్కడే. ఒకే రంగు కాంతిని పదార్థంపై పడనిస్తే, చెదిరిన కాంతిలో కొద్ది భాగం తరంగదైర్ఘ్యం మారుతుంది. ఎంత మారుతుందన్నది అందులోని అణువుల కంపనాలను బట్టి ఉంటుంది. నేటి పరికరంలో లేజర్ కిరణాన్ని సూక్ష్మదర్శిని గుండా పచ్చ లోపలి పగులు మీదికే గురిపెడతారు. నూనె ఇచ్చే రేఖలు వేరు, రెసిన్ ఇచ్చే రేఖలు వేరు. రాయిని గీయనక్కరలేదు, ఉంగరంలోంచి ఊడదీయనక్కరలేదు.