పుపూసా, జొన్నరొట్టె: బలం పిండిలో ఉందా, పక్కనున్న పప్పులో ఉందా?

మన గుంటూరు వైపు వరి కోశాక వేసే మొక్కజొన్న చాలావరకు కోళ్ల దాణాకి పోతుంది. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో మాత్రం అదే మెయిన్ తిండి. దాంతో చేసే పుపూసా వాళ్ల జాతీయ వంటకం. మన బొబ్బట్టు లాగే లోపల పూర్ణం పెట్టి పెనం మీద కాలుస్తారు. కాకపోతే తీపి ఉండదు. బీన్స్ ముద్ద, చీజ్ పెడతారు. పక్కన పులిసిన క్యాబేజీ.

మరి బలం ఎక్కడుంది? రెండు చోట్ల.

ఒకటి సున్నం. మొక్కజొన్నని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. ఆ గింజలో నయాసిన్, అంటే బి3 విటమిన్ ఉంటుంది గానీ, ఊరికే తింటే ఒంటికి సరిగ్గా అందదు. సున్నం దాన్ని విడదీస్తుంది. కాల్షియం అదనం.

యూరప్ వాళ్లు గింజ తీసుకెళ్లారు, సున్నం పద్ధతి వదిలేశారు. కోడ్ కాపీ చేసి లైబ్రరీ మర్చిపోయినట్టు! దాంతో మొక్కజొన్న మీదే బతికే పేదల్లో పెలాగ్రా వచ్చింది. చర్మం పగలడం, విరేచనాలు, మతి తప్పడం, ముదిరితే చావు. అమెరికాలో పత్తి పండే దక్షిణ రాష్ట్రాల్లోనూ వేలమంది పోయారు. చేలో పత్తి, కంచంలో మొక్కజొన్న పిండి. ఇది అంటురోగం కాదు, తిండి లోపం అని 1914 నుంచి పనిచేసి చూపించింది డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్.

మనకీ వచ్చింది ఫ్రెండ్స్. జొన్న ఎక్కువగా తినే పేదల్లో పెలాగ్రా ఎందుకొస్తోందో హైదరాబాద్‌లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా పరిశోధించారు. జొన్నలో లూసిన్ ఎక్కువ ఉండడం కారణం కావచ్చని 1960లో రాశారు.

రెండోది బీన్స్. మొక్కజొన్న, జొన్న రెండింట్లోనూ లైసిన్ తక్కువ. బీన్స్‌లో, మన కందిపప్పులో అది బాగా ఉంటుంది. 100 గ్రాముల జొన్నల్లో ప్రొటీన్ సుమారు 10 గ్రాములు, కందిపప్పులో 22 దాకా.

అందుకే చెప్తున్నా. మిల్లెట్ అని పేరుంటే చాలనుకోకండి. జొన్నరొట్టెలోకి ఒట్టి పచ్చిమిరపకాయ కారం వేసుకుంటే నోటికి బాగుంటుంది, కడుపు నిండుతుంది, లైసిన్ మాత్రం రాదు. గోంగూర పప్పు వేసుకోండి. పెరుగో, గుడ్డో తోడుంటే ట్రిప్టోఫాన్ వస్తుంది, అందులోంచి ఒళ్లు కొంత బి3 తయారుచేసుకుంటుంది. రూమ్‌లో ఉండి చదువుకునేవాళ్లకి ఇది పెద్ద ఖర్చేం కాదు.

ఒక్క మాట: ఇది విని గోడకేసే సున్నం పిండిలో కలపకండి బాబూ! మనకి పప్పు చాలు. ఉంటాను మరి.